సున్నా కూడా రాయాలి

నల్గొండ జిల్లాలో ఒక పొదుపు సంఘం స్త్రీలతో కలిసి కొన్నేళ్ల కిందట మేం వాన లెక్క రాయడం మొదలుపెట్టాం. గోడలు నిటారుగా ఉన్న ఒక డబ్బా, ఒక స్కేలు, సంఘం గదిలో మేకుకు తగిలించిన ఒక నోటుబుక్కు. అంతే సరంజామా. జూన్‌లో మళ్లీ వెళ్లి పుస్తకం తెరిచి చూస్తే మార్చి పేజీలో నాలుగు వరసలున్నాయి, ఏప్రిల్‌లో రెండు. మే పేజీ తెల్లగా ఉంది. రాసే బాధ్యత తీసుకున్న అమ్మాయి పదో తరగతి వరకు చదివింది, శ్రద్ధ గలది. ‘వాన పడలేదు గదా మేడం, ఏం రాయాలె?’ అంది.

తప్పు మాదే. పడిన వానను కొలవడం నేర్పాం గానీ, పడని వానను రాయడం నేర్పలేదు. ఆ తెల్ల పేజీని చూస్తే ఏ రోజు వాన పడలేదో, ఏ రోజు ఆ అమ్మాయి కైకిలికి పోయి డబ్బా చూడలేదో ఎవరికీ తెలియదు. ఆ ఎండాకాలం ఎంత పొడుగ్గా సాగిందో ఊరందరికీ తెలుసు. కానీ మా పుస్తకానికి తెలియదు.

వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూసి, అంతకు ముందరి 24 గంటల్లో పడింది రాయాలి. ఏమీ పడకపోతే సున్నా వేయాలి. 2.5 మిల్లీమీటర్లు, లేదా అంతకన్నా ఎక్కువ పడితేనే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు. సున్నా అంటే ఒక మనిషి వెళ్లి చూసింది, ఏమీ లేదు అని. ఖాళీ అంటే ఎవరూ చూడలేదు అని. స్త్రీల పని మీద పరిశోధన చేసేవాళ్లకు ఈ తేడా కొత్తేమీ కాదు. ‘మీ ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారు’ అని అడిగితే ‘ఏం లేదు, ఇంట్లనే ఉంటది’ అన్న జవాబు పట్టికల్లోకి ఎక్కిన దేశం మనది. చేయని పనీ, ఎవరూ చూడని పనీ ఒకే గడిలో పడిపోయాయి. వాన విషయంలో కూడా అదే జరుగుతోంది.

వాన లెక్క ఎప్పుడూ ఖజానా పక్కనే ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వాన కొలిచే పాత్రను పెట్టమన్నది ధాన్యపు కొట్టారం ముందర. ఆ పాత్ర నోరు మూరెడు వెడల్పుండాలన్నాడు. పంట ఎంత వస్తుందో, శిస్తు ఎంత రాబట్టవచ్చో తెలుసుకోవడానికి ఆ కొలత. తర్వాతి కాలంలో వర్షమాపకం తహసీలు కచేరీ ఆవరణలోకి వచ్చింది, ఆ తర్వాత మండల కార్యాలయం ఆవరణలోకి. ఇప్పుడు తెలంగాణలో స్వయంచాలక వాతావరణ కేంద్రాలే వెయ్యికి పైగా ఉన్నాయి. ఇది మంచి మార్పే. అయినా ఆ అంకె పుట్టేచోటూ, అది ఉపయోగపడేచోటూ రెండూ కార్యాలయాలే.

ఆ అంకెతో ఏమవుతుందో 2015లో చూశాం. ఆ ఏడు జూన్ వానలు ఆశ పెట్టాయి. పత్తి గింజలు పెట్టారు. గింజ పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే కదా, నడుం వంచి సాలు పొడుగునా. జూలై ఎండగట్టింది. నవంబరులో ప్రభుత్వం 7 జిల్లాల్లో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని 64 మండలాలూ ఆ జాబితాలోకి ఎక్కాయి. నల్గొండ జిల్లాలో 59 మండలాలుంటే 22 ఎక్కాయి. మిగిలిన 37 మండలాల స్త్రీలకు కరువు లేదని ప్రభుత్వం అనలేదు. వాళ్ల మండలం అంకె గీత దాటలేదంతే. ఆ గీతకు అటు పడ్డారా ఇటు పడ్డారా అన్నదాని మీద పంట నష్టపు సాయం, అప్పుల వాయిదా, అదనపు పని దినాలు ఆధారపడ్డాయి. కరువు ప్రకటించిన చోట ఉపాధి హామీ పనిని ఆ ఏడు 100 రోజుల నుంచి 150కి పెంచారు. 50 రోజుల కూలి అంటే ఒంటరి స్త్రీ ఇంట్లో ఎన్ని నెలల బియ్యమో మనకు తెలుసు.

ఇక్కడి వాన సంగతి తెలిసినవాళ్లెవరూ మండలానికి ఒక అంకె సరిపోతుందనుకోరు. ఉరుములతో వచ్చే వాన ఒక గూడెం మీద కుండపోతగా కురిసి, చెరువుకట్ట అవతలి గూడేన్ని పొడిగా వదిలేస్తుంది. సగటున చూస్తే నల్గొండకు ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్లు, పాలమూరుకు 600 మిల్లీమీటర్లు. సగటుకు దాహం వేయదు గనక దాని గురించి ఎక్కువ చెప్పను.

ఈ దూరం ఖరీదు పాలమూరు రైతులు అందరికన్నా ముందు చూశారు. 2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వాన బీమా మొదలుపెట్టాయి. దేశంలో ఈ తరహా బీమా అదే మొదలు. పల్లికాయ, ఆముదం వేసిన రెండు వందల పైచిలుకు రైతులు ఆ ఏడు చేరారు. పంట పోయిందా లేదా అని ఎవరూ వచ్చి చూడరు. ఎంచిన కేంద్రంలో వాన ఒక హద్దు కన్నా తక్కువ పడితే డబ్బు వస్తుంది, లేకుంటే రాదు. అధికారి చుట్టూ తిరిగే పని లేదు, లంచం లేదు. ఆ మేరకు ఆడవాళ్లకు అనువైనదే. అయితే వర్షమాపకం మీద కురిసి నీ చెల్క మీద కురవకపోతే నీ పంటా పోయింది, కట్టిన డబ్బూ పోయింది. బీమా శాస్త్రంలో దీనికో పేరుంది. ఊళ్లో దీన్ని అన్యాయం అంటారు.

ఇదంతా పంట కాలం సంగతి. ఎండాకాలానికైతే కరువు అనే మాటే లేదు. 2016 మే 11న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాల అలసత్వాన్ని తప్పుపట్టి, కరువు నిర్వహణ నియమావళిని తిరగరాయమని కేంద్రాన్ని ఆదేశించింది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలన్న ఆదేశం ఆ నెలలోనే వచ్చింది. ఆ భోజనం విలువ తల్లులకు తెలుసు. డిసెంబరులో కొత్త నియమావళి వచ్చింది. దాని ప్రకారం ఖరీఫ్ కరువును అక్టోబరు 30లోగా, రబీ కరువును మార్చి 31లోగా తేల్చాలి. మార్చి 31 తర్వాత? ఏప్రిల్, మే నెలల్లో మామూలుగానే వాన తక్కువ కాబట్టి పడకపోయినా లోటు పెద్దగా కనిపించదు. మృగశిర కార్తె వచ్చాక కూడా చినుకు లేకపోతే, ‘రుతుపవనాలు ఆలస్యం’ అని పత్రికల్లో ఒక వార్త వస్తుంది. బోరింగు దగ్గర వరస మాత్రం మార్చిలోనే మొదలై ఉంటుంది.

మన నేల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ కింద ఉన్నది నల్లరాయి, దాని మీద పలచటి మొరం పొర. పడిన వానలో సుమారు పదో వంతు మాత్రమే భూమిలోకి దిగి నీళ్ల బాయికి చేరుతుంది. వాన ఆలస్యమైతే బోరు లోతు పెరుగుతుంది, లోతుతో పాటు నల్గొండలో ఫ్లోరైడు. నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎముకలకూ పళ్లకూ ముప్పని తెలిసీ తాగిన తరాలున్నాయి ఇక్కడ. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేసింది ఈ నీళ్ల బాధను దేశానికి చెప్పడానికే. ఆ తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ వచ్చింది. ఎంతో మేలు జరిగింది, కాదనను. కానీ నల్లా రాని రోజున మళ్లీ బోరింగే. నల్లా రాని రోజుల లెక్క ఏ పుస్తకంలో ఉంది?

వాన లెక్క ఊరి చేతికి వస్తే ఏమవుతుందో చూసిన అనుభవం మనకే ఉంది. 2003 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా 7 జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకునే ప్రాజెక్టు నడిచింది. నల్గొండ, మహబూబ్‌నగర్ అందులో ఉన్నాయి. 600కు పైగా ఊళ్లలో మామూలు రైతులు వర్షమాపకం చూశారు, బోరుల్లో నీటి మట్టం కొలిచారు, గోడల మీద అందరికీ కనిపించేట్టు అంకెలు రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్లెన్ని, ఏ పంటకెన్ని అని లెక్క వేసుకున్నారు. వరి తగ్గించుకోమని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క చూసి ఎవరికి వాళ్లు నిర్ణయించుకోవాలి. ఇంజనీర్లకే అర్థమవుతుందనుకున్న విద్యను బడి ముఖం చూడనివాళ్లు పట్టుకున్నారు. స్త్రీలు కూడా కొలిచారు. ఆ పనిని చిన్నచూపు చూడలేం.

అయితే ఒక ప్రశ్న అడగాలి. నీళ్ల బడ్జెట్ సభలో మాట్లాడేది ఎవరు? బోరు ఉన్నవాళ్లు. బోరు ఎవరి పేర ఉంది? పట్టా ఉన్నవాళ్ల పేర. భూమి లేని స్త్రీకి వరి తగ్గితే నాట్ల కూలి తగ్గుతుంది. నీరు మిగిలితే ఆమెకు బిందెడు నీళ్లు దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. ఆమె లాభనష్టాలు రెండూ ఆ గోడ మీది పట్టికలో లేవు. ఇంకొకటి. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంటి దగ్గర ఉండేదెవరు? కైకిలికి పోయే ఆడమనిషి ఏడింటికే సద్ది మూట కట్టుకుని బయలుదేరుతుంది. శాస్త్రం పెట్టిన గడియారంలోనే ఎవరు శాస్త్రం చేయగలరో కొంత నిర్ణయమైపోయింది. మా నోటుబుక్కు ఖాళీ కావడానికి అసలు కారణం అదేనని ఆ తర్వాత గానీ మాకు వెలగలేదు. ఇప్పుడు అక్కడ నలుగురు వంతులవారీగా చూస్తున్నారు. ఏ రోజు పనికి వెళ్లని ముసలమ్మ ఒకామె గుర్తు చేస్తుంది.

స్త్రీలకు వాన తెలియదని కాదు. గడ్డపార దిగితే జానెడు పదునైందా, బెత్తెడేనా అని చెప్పేస్తారు. చెల్కకు చాలిన వాన రేగడికి చాలదని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ జ్ఞానాన్ని ఆకాశానికెత్తి, మిల్లీమీటరును పరాయిదని తోసేసే ధోరణి మనలో కొందరికి ఉంది. నేను దానితో ఏకీభవించను. పదును గురించి ఎంత కచ్చితంగా చెప్పినా మండల కార్యాలయంలో దాన్ని ఎవరూ రాసుకోరు. మిల్లీమీటరు రాసుకుంటారు. రెండూ పక్కపక్కన రాద్దాం. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే సుమారు 4,000 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల పెద్ద బిందెలు రెండు వందలు. ఈ లెక్క చెప్పిన రోజు సంఘం గదిలో నిశ్శబ్దం. రెండు వందల బిందెలు మోస్తే మెడ ఎంత నొస్తుందో తెలిసినవాళ్లు కదా.

పని మొదలుపెట్టేవాళ్లకు కొన్ని మాటలు. గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఏదైనా సరే, వెడల్పు ఎంతైనా సరే, లోపల నిలిచిన నీటి లోతే వాన లోతు. ఇల్లు గానీ చెట్టు గానీ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో, మట్టి చిందకుండా కాస్త ఎత్తున పెట్టాలి. ఎండాకాలం సాయంత్రపు జల్లు మర్నాటికి కొంత ఆవిరైపోతుంది. ఆగగానే కొలిచి రాసి, ఉదయం లెక్కలో కలపాలి. పడని రోజు సున్నా. చూడని రోజు ‘చూడలేదు’ అని రాయాలి, సిగ్గేమీ లేదు. వాన గడి పక్కన మరో మూడు గడులు గీయండి: కూలి దొరికిందా, నల్లా వచ్చిందా, నీళ్ల కోసం ఎంతసేపు పట్టింది.

ఈ పుస్తకానికి చట్టబద్ధత లేదు. దీన్ని చూపించగానే మండలం కరువు జాబితాలోకి ఎక్కదు. అలా ఆశపెట్టి స్త్రీల చేత రోజూ పని చేయించడం మోసం. కానీ 2016 నియమావళి ప్రకారం కరువును నిర్ధారించే ముందు పది శాతం ఊళ్లకు వెళ్లి పరిస్థితి స్వయంగా చూడాలి. చూడడానికి వచ్చినవాళ్లు ఎవరి ఇంటి అరుగు మీద కూర్చుంటారో మనం ఊహించగలం. ఆ రోజు సంఘం స్త్రీలు తేదీలతో సహా తమ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టగలగాలి. దాని పక్కన మండలం వాన రిజిస్టరు నకలు కూడా ఉండాలి. సమాచార హక్కు చట్టం 2005 కింద దాన్ని అడిగి తీసుకోవచ్చు. రెండింటికీ తేడా ఉంటే ఎందుకో చెప్పవలసిన బాధ్యత అప్పుడు వాళ్లది.

మీ ఊరి పుస్తకం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నకలు తీసి, అక్టోబరు మొదటి వారంలోగా మాకు పంపండి. 30వ తేదీలోగా కలిపి చూసుకోవడానికి వీలవుతుంది. ఖాళీ పేజీలున్నా పంపండి.