గోడను పగులగొట్టిన పాట

“పాడకుండా గబగబా మాట్లాడితే అది పాట ఎట్లా అవుతుంది?” అని పొదిలి నుంచి ఒక చిన్నారి అడిగింది. మంచి ప్రశ్న!

మీ తాతగారు బుర్రకథ చూసే వుంటారు, అడగండి. కథకుడు తంబురా మీటుతూ పాడతాడు. యుద్ధఘట్టం రాగానే రాగం వదిలి, మాటలనే తాళానికి తగినట్టు జోరుగా అనేస్తాడు. వంతలు గుమ్మెటలు మోగిస్తారు. తాళం తప్పనంతవరకు అది పాటే!

1970 తరువాత అమెరికాలోని న్యూయార్కు నగరంలో నల్లజాతి యువకులు తమదైన పద్ధతిలో ఇలాటి పనే చేశారు. ఒకే రికార్డు ప్రతులు రెండు యంత్రాలమీద పెట్టి, డ్రమ్ములు మోగే ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పేవారు. దానిపై తాళబద్ధంగా మాటలు పలికేవారు. ఆ పలకటం ర్యాప్. ఆ సంగీతం హిప్ హాప్.

ఇక రెండవది, గరగరమనే గిటారు సంగీతం. విద్యుత్ గిటారు తీగ కంపిస్తే, కింద అయస్కాంతం చుట్టూ వున్న తీగచుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెద్దది చేసే యంత్రానికి శక్తికి మించిన పని పెడితే, ధ్వనితరంగాల కొసలు కోసినట్టు చదునవుతాయి. ఆ గరగర అందువల్లనే వస్తుంది. హార్డ్ రాక్‌కూ, దాని తమ్ముడు హెవీ మెటల్‌కూ అదే ప్రాణం.

ఈ రెండు సంగీతాల అభిమానులూ చాలాకాలం ఎవరి దారిన వారున్నారు. రన్ డి.ఎం.సి. అనే ముగ్గురు ర్యాప్ యువకులకు, ఏరోస్మిత్ అనే రాక్ బృందం 1975లో చేసిన “వాక్ దిస్ వే” పాటలో మొదటి డ్రమ్ముల ముక్క మాత్రం ఇష్టం. “పాటంతా, అసలు పాడినవారితోనే కలిసి చెయ్యండి,” అన్నాడు నిర్మాత రిక్ రూబిన్. వాళ్ళు మొదట ఇష్టపడలేదు. చివరకు ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో ఏరోస్మిత్ పేరు మసకబారి వున్నది. అయినా గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారు వాద్యకుడు జో పెర్రీ న్యూయార్కు వచ్చి పాల్గొన్నారు.

1986 మే నెలలో “రెయిజింగ్ హెల్” అనే ఆల్బంలో ఆ పాట వచ్చింది. పాత పాట అమెరికా పాటల పట్టికలో 10వ స్థానం దాటలేదు. కొత్తది 4వ స్థానానికి ఎక్కింది! దాని వీడియోలో రెండు బృందాలూ ఒక గోడకు చెరొకవైపు వుంటాయి. టైలర్ మైకు కర్రతో ఆ గోడకు కన్నం పెడతాడు. నిజంగా జరిగిందీ అదే! ఏరోస్మిత్‌కు మళ్ళీ పేరు వచ్చింది. ర్యాప్ ఇంటింటికీ చేరింది. తరువాత 2000లో లింకిన్ పార్క్ బృందం “హైబ్రిడ్ థియరీ” ఆల్బంతో ఆ దారినే ఇంకా దూరం వెళ్ళింది.

ఆ 1986లోనే మన బుర్రకథా పితామహుడు షేక్ నాజరుకు పద్మశ్రీ లభించింది, తెలుసునా!

ఇప్పుడు మీరూ ఒక పని చెయ్యండి. మార్కాపురం పలకమీద వేలితో సమంగా తాళం వేస్తూ పదమూడో ఎక్కం చెప్పండి. తాళం తప్పకపోతే మీ ఎక్కమూ పాటే. తప్పితే? ఎక్కం ఇంకా రాలేదన్నమాట!