డబ్బా మీద డైమండ్ ఏం చెబుతోంది?

జిగురు మండుతుందా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. బడిపిల్లలు కాగితాలు అంటించుకునే తెల్ల జిగురులో చాలా భాగం నీళ్ళే. దానితో భయం లేదు. అమలాపురంలోనో రావులపాలెంలోనో సోఫాలు కుట్టే దుకాణానికి వెళితే అక్కడ ఫోమును చెక్కకు అంటించే జిగురు వేరు. మూత తీయగానే ఘాటైన వాసన గుప్పుమంటుంది. రబ్బరులాంటి పదార్థాన్ని త్వరగా ఆవిరైపోయే థిన్నర్ లాంటి రసాయనాల్లో కరిగించి దాన్ని తయారుచేస్తారు. అదే జిగురును గ్యాస్‌తో కలిపి, మీట నొక్కితే తుంపర్లుగా పడేలా చిన్న డబ్బాలో నింపితే అది స్ప్రే జిగురు. పరుపులూ ఫర్నిచరూ పెద్ద ఎత్తున తయారుచేసేచోట వాడటానికి ఈ తరహా సరుకే వంటగ్యాస్ బండలాంటి సిలిండర్లలోనూ వస్తుంది.

మూడింటి పనీ ఒక్కటే... అంటించడం. కానీ లారీ ఎక్కేటప్పుడు మాత్రం ఆ మూడూ వేర్వేరు సరుకులు. మండే స్వభావం ఉన్న డబ్బా జిగురుకు అంతర్జాతీయంగా ఇచ్చిన నంబరు 1133. స్ప్రే డబ్బాకు 1950. మండే సిలిండర్ జిగురుకు 3501. ఆ నాలుగంకెలూ, వాటి పక్కన ఉండే డైమండ్ ఆకారపు బొమ్మా చూస్తే చాలు... లోపల ఏముందో, నిప్పంటుకుంటే ఏమవుతుందో ప్రపంచంలో ఏ మూల ఉన్న అగ్నిమాపక సిబ్బందికైనా తెలిసిపోతుంది. తెలిసిపోవాలి కూడా. ఎందుకంటే వాళ్ళ ప్రాణాలే కాదు, చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్నవాళ్ళ ప్రాణాలూ ఆ బొమ్మ మీదే ఆధారపడతాయి.

అసలు సంగతి తోసే గ్యాస్‌దే!

ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్య సమితి తొలిసారి 1956లో మార్గదర్శకాలు ప్రచురించింది. వాటి ప్రకారం ఇలాంటి సరుకులన్నీ తొమ్మిది తరగతులు. పేలుడు పదార్థాలు ఒకటో తరగతి, గ్యాస్‌లు రెండో తరగతి, మండే ద్రవాలు మూడో తరగతి... ఇలా. థిన్నర్ కలిసిన డబ్బా జిగురు మూడో తరగతిలోకి వస్తుంది. అదే జిగురు స్ప్రే డబ్బాలోకి మారగానే రెండో తరగతికి వెళ్ళిపోతుంది. లోపలున్న జిగురు కన్నా దాన్ని బయటకు తోసే గ్యాస్‌కే అక్కడ ప్రాధాన్యం.

ఒకప్పుడు స్ప్రే డబ్బాల్లో ఎక్కువగా వాడిన గ్యాస్‌లు సీఎఫ్‌సీలు. అవి మండవు. కానీ భూమికి గొడుగులాంటి ఓజోన్ పొరను తినేస్తున్నాయని తేలడంతో 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. దేశాలన్నీ వాటిని వదిలించుకునే పని మొదలుపెట్టాయి. వాటి స్థానంలోకి ఎక్కువగా వచ్చినవి ప్రొపేన్, బ్యూటేన్, డైమిథైల్ ఈథర్. మొదటి రెండూ మన వంటింటి సిలిండర్లో ఉండేవే! అంటే దోమల స్ప్రే, సెంటు స్ప్రే, పెయింటు స్ప్రే, జిగురు స్ప్రే... పేరు ఏదైనా చాలా డబ్బాల్లో ఉన్నది ఒక చిన్న వంటగ్యాస్ బండే అనుకోవాలి. ఓజోన్‌కు మేలు జరిగింది. ఇంట్లో మాత్రం జాగ్రత్త అవసరం పెరిగింది.

కొవ్వొత్తి పెట్టిన పరీక్ష

మరి ఏ డబ్బా మండుతుంది, ఏది మండదు అన్నది ఎలా తేలుస్తారు? కంపెనీవాళ్ళు చెప్పిన మాట మీద కాదు. దానికి లెక్క ఉంది.

డబ్బాలోని సరుకు బరువులో 85 శాతం, ఆపైన మండే పదార్థాలే అయి, గ్రాము సరుకు మండితే 30 కిలోజౌళ్ళు, అంతకన్నా ఎక్కువ వేడి పుడుతుందంటే ఇక పరీక్షలతో పనిలేదు. అది మండేదే. పోలికకు చెప్పుకోవాలంటే గ్రాము బ్యూటేన్ మండితే వచ్చే వేడి సుమారు 45 కిలోజౌళ్ళు. మండే పదార్థం ఒక్క శాతానికి మించకుండా, గ్రాముకు పుట్టే వేడి 20 కిలోజౌళ్ళ లోపు ఉంటే అది మండని డబ్బా. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాటికే పరీక్షలు.

మొదటిది దూరం పరీక్ష. చిన్న మంట వెలిగించి, దాని మీదికి డబ్బాతో స్ప్రే చేస్తారు. 15 సెంటీమీటర్లు, ఆపై దూరం నుంచి కొట్టినప్పుడు తుంపర్లు అంటుకున్నాయా... మండే సరుకు. 75 సెంటీమీటర్ల నుంచి కొట్టినా అంటుకుంటే 'అతిగా మండేది' అని డబ్బా మీద రాయాల్సిందే. 75 సెంటీమీటర్లంటే చెయ్యి చాచినంత దూరం! గ్రాముకు 20 కిలోజౌళ్ళు, ఆపైన వేడినిచ్చే సరుకైతే ఈ పరీక్షలో ఎంత దూరంలో అంటుకున్నా, అసలు అంటుకోకపోయినా మండేదిగానే లెక్క.

తక్కువ వేడినిచ్చే సరుకు దూరం పరీక్షలో అంటుకోకపోయినా అప్పుడే వదిలిపెట్టరు. సుమారు 200 లీటర్లు పట్టే డ్రమ్ములో కొవ్వొత్తి వెలిగించి, లోపలికి స్ప్రే చేస్తూ పోతారు. ఎంతసేపటికి, ఎంత సరుకుకు భగ్గుమందో లెక్కకడతారు. ఆరుబయట బుద్ధిగా ఉన్న డబ్బా తలుపులు మూసిన గదిలో ఏం చేస్తుందో తెలియాలి కదా!

నురగలా వచ్చేవాటికి ఇంకో పరీక్ష. గాజు పళ్ళెంలో కాస్త నురగ వేసి నిప్పు చూపిస్తారు. మంట 20 సెంటీమీటర్ల ఎత్తు లేచి రెండు సెకన్లు నిలిచినా, నాలుగు సెంటీమీటర్లే లేచి ఏడు సెకన్లు నిలిచినా... అతిగా మండే సరుకే.

పెద్ద సిలిండర్లలో వచ్చే జిగురుకు మాత్రం ఇన్ని అవకాశాలు లేవు. అక్కడ నియమం ఇంకా కఠినం. లోపలి పదార్థాల్లో ఏ ఒక్కటి మండేదైనా మొత్తం సిలిండర్ మండేదే. మండే ద్రవమంటే 93 డిగ్రీలు, అంతకు లోపు వేడికే నిప్పు అందుకోగల ఆవిరిని వదిలేది. చిన్న డబ్బా చేతిలో పేలితే ఒకరికి గాయం. సిలిండర్ పేలితే వీధికి ప్రమాదం. అందుకే ఈ తేడా.

పరీక్షలు పూర్తయ్యాక మండే గ్యాస్ సరుకైతే ఎర్ర డైమండ్, దాని మీద మంట బొమ్మ, కింద 2 అంకె. మండని గ్యాస్ సరుకైతే ఆకుపచ్చ డైమండ్, సిలిండర్ బొమ్మ. అయితే 'మండదు' అంటే 'హాని లేదు' అని కాదండోయ్. మండకుండా ఉండటానికి కొన్ని జిగుర్లలో వాడుతూ వచ్చిన మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి గాలి ఆడని గదిలో ప్రాణాలే తీయగలదు. ఆకుపచ్చ రంగు నిప్పు సంగతి మాత్రమే చెబుతుంది.

'ఖాళీ' అని రాశారు... 110 మంది పోయారు

ఇంత లెక్క ఎందుకు, ఒక చీటీ అతికించడానికా... అనిపించొచ్చు. 1996 మే 11న అమెరికాలోని మయామీ నుంచి బయల్దేరిన వాల్యూజెట్ విమానం సరుకు అరలోకి కొన్ని పెట్టెలు ఎక్కాయి. వాటిలో ఉన్నవి ఆక్సిజన్ పుట్టించే పరికరాలు. పని చేస్తే విపరీతంగా వేడెక్కుతాయి. కాగితాల మీద మాత్రం 'ఖాళీ' అని ఉంది. ఎక్కించినవాళ్ళు ఆ మాటే నమ్మారు. గాల్లోకి లేచిన కొద్ది నిమిషాలకే మంటలు. విమానంలో ఉన్న 110 మందీ మరణించారు. పెట్టె మీద నిజం రాసి ఉంటే ఆ సరుకు విమానం ఎక్కేదే కాదు.

అదెక్కడో అమెరికా సంగతి అనుకోనక్కర్లేదు. పైకి చెప్పేది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి అయితే ఏం జరుగుతుందో కోనసీమకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ సంస్థ గ్యాస్ పైపులైను పగిలింది. గాలిలో కమ్ముకున్న గ్యాస్‌కు నిప్పంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే కాలిపోయారు. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్ళూ, కొబ్బరిచెట్లూ మాడి మసయ్యాయి. కేంద్ర పెట్రోలియం శాఖ వేసిన కమిటీ తేల్చిన సంగతి ఏమిటంటే... ఆ పైపు తేమ లేని పొడి గ్యాస్ కోసం వేసింది. అందులో వెళ్ళింది మాత్రం నీరూ మలినాలూ ఉన్న తడి గ్యాస్. ఆ తేమ పైపును లోపల్నుంచి తుప్పు పట్టించి తినేసింది.

స్ప్రే డబ్బాకూ, 18 అంగుళాల పైపుకూ పోలిక ఎక్కడిది? ఒక్కచోట ఉంది. లోపల ఉన్నదేమిటో కచ్చితంగా తేల్చి, దానికి తగ్గ ఏర్పాట్లు చేయడం రెంటికీ మొదటి మెట్టు. అక్కడ తప్పితే తర్వాత ఎన్ని జాగ్రత్తలున్నా తప్పుడు లెక్క మీద కట్టినవే.

హైవే మీద చదవాల్సిన అక్షరాలు

ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా సాగే 216 జాతీయ రహదారి మీద నిలబడితే గ్యాస్ ట్యాంకర్లూ, పెట్రోలు ట్యాంకర్లూ కనబడుతూనే ఉంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఇలాంటి బండ్ల మీద సరుకు పేరు, యూఎన్ నంబరు, తరగతి డైమండ్, ప్రమాదం జరిగితే ఫోన్ చేయాల్సిన నంబరు కనిపించేలా రాసి ఉండాలి. 1075 ఉంటే వంటగ్యాస్. 1203 ఉంటే పెట్రోలు. ఏం జరిగితే ఏం చేయాలో చెప్పే ట్రెమ్ కార్డు డ్రైవర్ దగ్గర ఉండాలి. ఆ డ్రైవర్‌కు ప్రత్యేక శిక్షణా ఉండాలి.

బండి బోల్తా పడిందనుకోండి. అగ్నిమాపక సిబ్బంది ముందు వెతికేది ఆ నంబరునే. నీళ్ళు కొట్టాలా, నురగ కొట్టాలా, జనాన్ని ఎంత దూరం పంపాలి... అన్నీ దాన్నిబట్టే. మీరు చూస్తే మీరు చేయగల సాయమూ అదే. దగ్గరకు వెళ్ళకుండా, గాలి వీచే వైపు నుంచి దూరంగా నిలబడి, ఆ నాలుగంకెలూ ఫోన్‌లో 101కు చెప్పండి. కారిన పెట్రోలు పట్టుకోవడానికి బిందెలతో వెళ్ళడం మాత్రం వద్దు.

ఊరు వెళ్తున్నారా... సంచి చూసుకోండి

కోనసీమలో కువైట్‌లోనో దుబాయ్‌లోనో చుట్టం లేని ఊరు అరుదు. సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో ఇంటిల్లిపాదీ తలా ఒకటి పెడతారు. విమానంలో సెంటు స్ప్రే, తల స్ప్రే లాంటివి ఒక్కోటి అర లీటరు మించకుండా, అన్నీ కలిపి రెండు లీటర్ల లోపు అనుమతిస్తారు. చేతి సంచిలో అయితే ఒక్కోటి 100 మిల్లీలీటర్లే. మండే జిగురు స్ప్రే, పెయింటు స్ప్రే మాత్రం చేతి సంచిలోనూ కుదరదు, లగేజీలోనూ కుదరదు. రైల్లో ప్రమాదకర సరుకు అక్రమంగా తీసుకెళితే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, జరిమానా పడొచ్చు. బస్సులో పార్శిల్ వేస్తూ 'ఏముంది లోపల' అని అడిగితే 'సామాను' అని ఊరుకోవద్దు. స్ప్రే డబ్బాలుంటే ఉన్నాయని చెప్పండి.

ఇంట్లోనూ అంతే. స్ప్రే డబ్బాల మీద '50 డిగ్రీలకు మించిన వేడి తగలనివ్వొద్దు' అని రాసి ఉంటుంది. వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి అంతకు మించిపోగలదు. సీటు కింద పెట్టిన డబ్బా సంగతి గుర్తుంచుకోండి. ఖాళీ అయిందనుకున్న డబ్బాలోనూ గ్యాస్ మిగిలి ఉంటుంది. పొయ్యిలో వేయొద్దు, చెత్తమంటలో పడేయొద్దు, చిల్లు పెట్టొద్దు. దోమల స్ప్రే పొయ్యి దగ్గర కొట్టొద్దు. సోఫా పనివాళ్ళు ఇంటికొచ్చి జిగురు కొడుతుంటే కిటికీలు తెరవండి, దేవుడి దగ్గర దీపం కొండెక్కించండి.

పుట్టినరోజు వేడుకల్లో పిల్లలు ఒకరిమీద ఒకరు కొట్టుకునే మంచు స్ప్రే సంగతి మరీ ముఖ్యం. కేకు మీద కొవ్వొత్తి, చుట్టూ పిల్లలు, గది తలుపులు మూసి... స్ప్రే! పరీక్షశాలలో డ్రమ్ములో జాగ్రత్తగా చేసే పరీక్ష అది. మన ఇంట్లో, మన పిల్లల మొహాల దగ్గర చేయకూడదు. కొవ్వొత్తులు ఆర్పి, తలుపులు తీశాకే ఏ సరదా అయినా. డబ్బా మీద మంట బొమ్మ ఉందో లేదో మాత్రం కొనేముందు దుకాణంలోనే చూసుకోండి.