బ్రేక్ కర్రకి ఏ టిప్పు? నా ఓటు తోలుకే

హైదరాబాద్ లో ఇంజనీరింగ్ వెలగబెట్టే రోజుల్లో స్నూకర్ పార్లర్ కి వెళ్తే, గోడకి ఆనించి ఉన్న కర్రల్లో వంకర తక్కువున్నది ఏరుకోవడమే నాకు తెలిసిన 'ఎక్విప్‌మెంట్ సెలెక్షన్'. అలాంటివాణ్ణి డాలస్ వచ్చాక పూల్ లో పడ్డాను. ఇక్కడ సీరియస్ గా ఆడే ప్రతివాడి సంచిలోనూ రెండు కర్రలుంటాయి. ఒకటి ఆడటానికి, ఇంకోటి ఆట మొదట్లో బంతుల గుంపుని బద్దలు కొట్టడానికి. రెండోదే బ్రేక్ కర్ర. మొదట్లో ఇదంతా డాబనుకున్నా. కానీ కారణం ఉంది. ఆడే కర్రకి ఉండే మెత్తటి తోలు టిప్పుతో రోజూ బలమంతా పెట్టి బ్రేక్ చేస్తే అది అణిగిపోయి, అంచులు పుట్టగొడుగులా బయటికొస్తాయి. తర్వాత సున్నితమైన షాట్ ఆడాలంటే టిప్పు మాట వినదు. అందుకని మోటు పనికి వేరే కర్ర.

సరే, వేరే కర్ర కొన్నారు. దానికి ఏ టిప్పు వేయించాలి? ఇక్కడ జనం రెండు పార్టీలు. గట్టి తోలు పార్టీ, ఫినాలిక్ పార్టీ. ఫినాలిక్ అంటే ఏదో కొత్త పదార్థం కాదు, మన ప్రెషర్ కుక్కర్ పిడికి, పాత స్విచ్చులకి వాడే బేకలైట్ జాతిదే. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టాడు. పూల్ బంతులు కూడా, మంచి రకమైతే, ఫినాలిక్ రెజిన్ తోనే చేస్తారు. అంటే ఫినాలిక్ టిప్పుతో కొడితే ఆ బంతి జాతి పదార్థంతోనే ఆ బంతిని కొడుతున్నామన్నమాట.

నేను మొదట ఫినాలిక్ పార్టీలో చేరాను. గుడ్డిగా కాదండోయ్, లెక్కేసుకుని మరీ చేరాను. ఇంజనీర్ని కదా!

లెక్క ఇదీ. టిప్పు బంతికి తగిలినప్పుడు శక్తి కొంత నష్టమవుతుంది. ఎంత మిగులుతుందో చెప్పే అంకెని మనం ఇంటర్ లో చదివాం, ప్రత్యావస్థాన గుణకం. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ గా పనిచేసిన డేవిడ్ ఆల్సియాటోర్ (పూల్ లోకంలో 'డాక్టర్ డేవ్' అంటేనే తెలుస్తుంది) ఇలాంటివన్నీ కొలిచి పెట్టాడు. మామూలు తోలు టిప్పుకి ఇది సుమారు 0.73, ఫినాలిక్ కి 0.8 పైచిలుకు. నేను 0.85 వేసుకున్నా. కర్ర 540 గ్రాములు, బంతి 170 గ్రాములు. కర్ర గంటకి 20 మైళ్ళ వేగంతో వచ్చి తగిలితే, తోలుతో తెల్ల బంతి సుమారు 26 మైళ్ళ వేగంతో పోతుంది, ఫినాలిక్ తో 28. అంటే ఏడు శాతం లాభం. శక్తిలో చెప్పుకుంటే పద్నాలుగు శాతం. చెయ్యి ఏమాత్రం ఎక్కువ ఊపకుండా! ఇంకేం కావాలి? వెంటనే ఫినాలిక్ టిప్పున్న బ్రేక్ కర్ర కొనేశాను.

ఫినాలిక్ పార్టీ వాళ్ళ అసలు వాదన ఇంకా బలమైనది. వేగం పెంచుకోవడానికి కాదు, అదే వేగాన్ని తక్కువ ఊపుతో సాధించడానికి అంటారు. ఊపు తగ్గితే గురి పెరుగుతుంది కదా అని. కాగితం మీద దీనికి తిరుగులేదు. భుజం నొప్పి ఉన్నవాళ్ళకి, వయసు పైబడినవాళ్ళకి నిజంగానే పనికొస్తుంది. కానీ నాలాంటి కుర్రాడి చేతికి గట్టి టిప్పిచ్చి 'నాయనా, కాస్త మెల్లగా కొట్టు' అంటే వింటాడా? టిప్పు కొత్తదయ్యేసరికి ఇంకా గట్టిగా కొట్టాను. నేను చూసినంతలో అందరూ అంతే.

కిందటేడు లీగ్ మ్యాచ్. మా టీములో నలుగురం తెలుగువాళ్ళం. ఆఖరి ఆట, ఎయిట్ బాల్, బ్రేక్ నాది. "మామా, పగలగొట్టెయ్ రా" అని వెనకనుంచి మావాడి కేక. పగలగొట్టాను. తెల్ల బంతి మొదటి బంతి నెత్తిమీద తగిలి, బల్ల దాటి ఎగిరి, పక్క బల్ల దగ్గర ఆడుకుంటున్న ఒక పెద్దాయన ముంజేతికి తగిలింది. అదృష్టం కొద్దీ ఎముకకేం కాలేదు. కమిలి, అరగంట ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకో అడుగు పైకి లేచుంటే ఎక్కడ తగిలేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన "ఫర్వాలేదు బాబూ" అన్నట్టే నవ్వాడు, నేనే తలెత్తి చూడలేకపోయాను. ఫౌల్ ఎలాగూ అయింది, ఆట పోయింది, మ్యాచ్ పోయింది. ఆ రాత్రి మ్యాచ్ గురించి మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు.

తప్పు టిప్పుదా, నాదా? ఎక్కువ భాగం నాదే. బ్రేక్ చేసేటప్పుడు బల్ల అంచు అడ్డం వస్తుంది కాబట్టి కర్ర వెనక భాగం కొంచెం ఎత్తుగా ఉంటుంది. అంటే ఎంతోకొంత పైనుంచి కిందకి కొడుతున్నట్టే. దాంతో తెల్ల బంతి దొర్లుకుంటూ కాదు, చిన్నగా ఎగురుకుంటూ వెళ్తుంది. వేగం పెరిగినకొద్దీ ఆ ఎగురుడూ పెరుగుతుంది. గాల్లో ఉండగానే ముందు బంతికి తగిలితే నడుముకి కాకుండా నెత్తికి తగులుతుంది, ఇక రాకెట్టే. నాకప్పటికి వేగం కొరత లేదు. కొరతల్లా మధ్యలో కొట్టడం. మన భాషలో చెప్పాలంటే, అప్లికేషన్ ఎక్కడ నత్తనడక నడుస్తోందో ప్రొఫైల్ చేసి చూడకుండా పెద్ద సర్వర్ కొన్నాను. క్వెరీ చెత్తగా ఉంటే సర్వర్ ఏం చేస్తుంది, చెత్తని ఇంకా వేగంగా చేస్తుంది.

అయితే టిప్పు తప్పు బొత్తిగా లేదని కూడా అనను. ఫినాలిక్ మీద చాక్ సరిగ్గా నిలవదు. తోలు రాసిన చాక్ ని పట్టుకుంటుంది, ఇది దులిపేస్తుంది. బంతి మధ్యనుంచి కాస్త పక్కకి తగిలితే తోలు క్షమిస్తుంది, ఫినాలిక్ సర్రున జారుతుంది. రోజుకి ఎనిమిది గంటలు ప్రాక్టీస్ చేసే ప్రొఫెషనల్ కి ఆ క్షమాపణ అక్కర్లేదు. వారానికి రెండు సాయంత్రాలు, అదీ రిలీజ్ లేని వారాల్లో ఆడే మనకి కావాలి.

బ్రేక్ అంటే బలమే అనుకునేవాళ్ళకి ఒక్క పేరు చెప్తాను, కోరీ డ్యూయల్. 2001 యూఎస్ ఓపెన్ నైన్ బాల్ గెలిచాడు, మెత్తటి బ్రేక్ కి పేరుమోసినవాడు. బంతులు ఎటు పోవాలో అటు పోతుంటే చితక్కొట్టడం ఎందుకని అతని లెక్క. ఆ మెత్తటి బ్రేకులకి అడ్డుకట్ట వేయడానికే తర్వాత నైన్ బాల్ పోటీల్లో కొన్ని బంతులు గీత దాటి రావాలనే నిబంధనలొచ్చాయి. అవతల షేన్ వాన్ బోనింగ్ లా బలంగా కొట్టి గెలిచినవాళ్ళూ ఉన్నారు, కాదనను. 2022లో వరల్డ్ నైన్ బాల్ ఛాంపియన్ అయ్యాడు. కానీ అతని బ్రేక్ వీడియోల్లో తెల్ల బంతి ఎక్కడ ఆగుతోందో చూడండి. బల్ల మధ్యలో ఆగుతుంది, పక్కవాడి ముంజేతి మీద కాదు.

ఆ సంఘటన తర్వాత కర్రలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికెళ్ళాను. ఫినాలిక్ పీకించి, పొరలు పొరలుగా అతికించిన గట్టి తోలు టిప్పు వేయించుకున్నా. ఆయన దగ్గర నేర్చుకున్నవి, నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నవి కొన్ని చెప్తాను. పెట్టె మీద 'హార్డ్' అని ఉంటే నమ్మకండి, ఒక కంపెనీ హార్డ్ ఇంకో కంపెనీ మీడియం లాగుంటుంది. ఒకే కంపెనీ టిప్పుల్లో ఆడే కర్రకి ఉన్నదానికంటే రెండు మెట్లు గట్టిది తీసుకోవడం క్షేమం. టిప్పు, దాని కింద తెల్లటి కట్టు (ఫెర్రూల్) రెండూ ఒకే ముక్కగా వచ్చే కర్రలున్నాయి, అవి పగిలితే బాగుచేయించడం పెద్ద తలనొప్పి. జీ10 అనే పదార్థంతో చేసిన టిప్పులు దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది, మన సర్క్యూట్ బోర్డుల ఎఫ్ఆర్4 కి అన్నయ్య, గాజు పీచుతో చేసింది. దాంతో కొడితే తెల్ల బంతి మీద గాట్లు పడతాయని పూల్ హాల్ వాళ్ళు మొహం మాడుస్తారు. ప్రపంచ పూల్ సంఘం నిబంధనల్లో కూడా బంతిని గీకే టిప్పు వాడకూడదని ఉంది. వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటకూడదు, కర్ర బరువు 25 ఔన్సులు దాటకూడదు. లీగుల సొంత నిబంధనలు వేరేగా ఉండొచ్చు, కొనేముందే అడగండి.

(పిడకలవేట: ఇక్కడ పూర్వం ఆటగాళ్ళు ఎల్క్ మాస్టర్ అనే చవకరకం మెత్తటి టిప్పుని రాత్రంతా పాలలో నానబెట్టి, ఆరబెట్టి, బిగించి నొక్కి గట్టిగా చేసుకునేవాళ్ళట. పేరు మిల్క్ డడ్. ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. మా ఆవిడకి చెప్తే, పాల గిన్నె జోలికొస్తే ఊరుకోనంది.)

ఫినాలిక్ కి నా లెక్కలో ఒక్క మినహాయింపు. ఒకే కర్రతో బ్రేకూ చేయాలి, అడ్డమొచ్చిన బంతి మీదుగా తెల్ల బంతిని గెంతించాలి కూడా అంటే గట్టి తోలు అంతగా లొంగదు, ఫినాలిక్ ఇట్టే గెంతిస్తుంది. అలాంటి కర్ర కావాలనుకునేవాళ్ళు నిరభ్యంతరంగా కొనుక్కోండి.

తోలుకి మారాక నాలుగు శనివారాలు కాగితం మీద రాసుకున్నా, తెల్ల బంతి ఎక్కడ ఆగిందీ, బల్ల దిగిందా లేదా అని. మధ్యలో ఆగేవి పెరిగాయి, దిగేవి దాదాపు లేవు. ఇది సైన్స్ కాదని నాకూ తెలుసు. టిప్పుతో పాటు భయం కూడా మారింది, చెయ్యి మెల్లగా ఊగుతోంది. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. పోయిన మంగళవారం ఆ పెద్దాయన మళ్ళీ పక్క బల్ల మీదే ఆడుతున్నాడు. నేను బ్రేక్ కి వంగగానే కుర్చీ తీసుకుని నా వెనక్కి వచ్చి కూర్చున్నాడు.