ఎవరెస్టు బరువు మోసిందెవరు?

ఎవరెస్టు ఎక్కిన వాళ్ళ పేర్లు బడిపిల్లలు కూడా గబగబా చెప్పేస్తారు. మరి గుడారాలు, తిండిగింజలు, ఆక్సిజన్ సీసాలు వీపున మోసిన వాళ్ళో? పిల్లల కోసం రాసే చరిత్రలో వాళ్ళకి దక్కేది తరచుగా ఒక్క వాక్యమే!

1922 జూన్ 7న ఉత్తరపు కనుమ దిగువన మంచుచరియ విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. ఆ బృందంలోని ఆంగ్లేయులంతా బతికి బయటపడ్డారు. 1953లో కాట్మండు లోయ నుంచి సామాను మోసిన కూలీలు 300 పైచిలుకు. ఆ మే 29న హిల్లరీతో శిఖరం చేరిన టెన్సింగ్ కూడా 1935లో కూలీగానే ఆ కొండకి మొదట వెళ్ళాడు. 2014 ఏప్రిల్ 18న ఖుంబూ మంచుపాతంలో చనిపోయిన 16 మందీ, ఇతరుల యాత్రల కోసం పనిచేస్తున్న నేపాలీలే.

"కూలి తీసుకున్నారుగా!" అంటారు కొందరు. మా పొలంలో నాట్లు వేసేవాళ్ళూ కూలి తీసుకుంటారు. అంతమాత్రాన పంటంతా తానొక్కడే పండించానని మా నాన్న ఏనాడూ అనలేదు.

శిఖరం మీద గాలి పీడనం ఇక్కడి దాంట్లో మూడో వంతే. ఆ దారిలో బరువు మోయడం సాహసం కాదా? మిత్రులారా, రేపు మనలో ఎందరో పంతుళ్ళమవుతాం. పిల్లలకి ఎవరెస్టు కథ చెప్పేటప్పుడు శిఖరం దగ్గర కాదు, మూటల దగ్గర మొదలుపెడదాం.