మంచుకొండలకు నేలబాట

యాత్రాభిలాష మానవునికి సహజమైనది. 1830వ సంవత్సరంలో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుండి కాశీకి పల్లకిలో బయలుదేరి, అహోబిలం మీదుగా ఉత్తరదేశానికి సాగి, మరుసటి సంవత్సరం తిరిగి వచ్చాడు. దారిలో కనిపించిన ఊళ్లు, నదులు, పంటలు, జనుల ఆచారాలు అన్నీ ఆయన 'కాశీయాత్ర చరిత్ర'కు వస్తువులయ్యాయి. ఆ గ్రంథంలో గమ్యానికి ఎంత విలువ ఉన్నదో మార్గానికీ అంత విలువ ఉన్నది. నేటి విమానయానం గమ్యాన్ని చేరువ చేసి, మార్గాన్ని మేఘాల కింద దాచివేసింది. ఈ మార్పులో లభించినదెంత, కోల్పోయినదెంత అని ఆలోచించవలసిన సమయం వచ్చింది.

నల్లరేగడి నేలల్లో శనగ పండించే సంజామల ప్రాంతంవారికి మంచు ఒక అద్భుతం. పాదాలకు పొడవైన పలకలు బిగించుకొని మంచువాలుల మీద జారే స్కీయింగ్ క్రీడను చూడాలని, నేర్వాలని యువతరం కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే కాశ్మీరంలోని గుల్మార్గ్‌కు ఎలా వెళ్లాలన్నదే ప్రశ్న. ఈ సీమకు రెండు ద్వారాలు ఉన్నాయి. మొదటిది నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం. దీర్ఘకాల నిరీక్షణ అనంతరం 2016లో పూర్తయిన ఈ మార్గంలో సంజామలకు సొంత స్టేషను ఏర్పడింది. రెండవది 2021లో ఓర్వకల్లు వద్ద ప్రారంభమైన విమానాశ్రయం. దానికి ఈ సీమ వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టడం సముచితమే. కాని విహారయాత్రకు మొదటి ద్వారమే మేలైనది.

నిన్నటివరకు కాశ్మీరానికి పూర్తిగా రైలులో పోవడం సాధ్యం కాదు. 2025 జూన్ 6న చీనాబ్ నదిపై 359 మీటర్ల ఎత్తున నిర్మించిన వంతెన ప్రారంభమైన తరువాత కట్రా, శ్రీనగర్‌ల మధ్య రైళ్లు నడుస్తున్నాయి. సంజామలలో రైలెక్కినవాడు మధ్యలో రైళ్లు మారుతూ, కర్నూలు, ఢిల్లీ, కట్రాల మీదుగా శ్రీనగర్ చేరవచ్చు. అక్కడి నుండి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం.

ఇక వాతావరణం మాట. బ్రిటన్ ప్రభుత్వం ఇటీవల వాడిన గణాంకాల ప్రకారం, దేశీయ విమానంలో ఒక ప్రయాణికుడు ఒక కిలోమీటరు సాగితే సుమారు 250 గ్రాముల కర్బన ఉద్గారం ఏర్పడుతుంది. పెట్రోలు కారులో ఒంటరిగా పోతే సుమారు 170 గ్రాములు, రైలులో సుమారు 35 గ్రాములు. కారులో నలుగురు కలిసి సాగితే ఆ భారం నాలుగు పాళ్లుగా విడిపోతుంది. మన దేశంలో విద్యుత్తు అధికభాగం బొగ్గు నుండే ఉత్పత్తి అవుతున్నందున, ఈ అంకెలు యథాతథంగా ఇక్కడ వర్తించవు. అయినప్పటికీ నిండుగా సాగే మన రైలు విమానం కన్నా ఎంతో తక్కువ భారం మోపుతుందనడంలో సందేహం లేదు.

ఈ భారం చివరకు ఎక్కడ పడుతున్నది? 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచు లేక బోసిపోయాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగవలసిన 'ఖేలో ఇండియా' శీతాకాల క్రీడలు తగినంత మంచు లేక వాయిదా పడ్డాయి. ఏ ఒక్క ప్రయాణమో ఇందుకు కారణం కాదు. కాని వేడెక్కుతున్న భూమికి మరికొంత వేడిని చేర్చుతూ మంచును చూడబోవడం, కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం వంటిది. వాన వెనుకంజ వేసినా, అకాలంలో కురిసినా మొదట నష్టపోయేది జీవితంలో ఎన్నడూ విమానమెక్కని శనగరైతే.

రైలుప్రయాణానికి రోజులు పడతాయనే ఆక్షేపణ సహేతుకమైనదే. రానుపోను ఆరు రోజులు వెచ్చించగల తీరిక అందరికీ ఉండదు. ప్రాణాపాయంలో ఉన్నవారిని చూడబోయేవారిని, వృద్ధులను, రోగులను విమానం ఎక్కవద్దనడం నిర్దయ అవుతుంది. కాలం మన చేతిలో ఉండే విహారయాత్ర సంగతి వేరు. నాలుగు రోజుల సెలవులో గబగబా పోయి రావడం కన్నా, రెండేండ్లకొకసారి పది పన్నెండు రోజుల సెలవుతో సావకాశంగా పోయి రావడం మేలు. రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతుంది కనుక, జనవరి ప్రయాణానికి నవంబరులోనే సన్నాహం చేసుకోవాలి. రైళ్లు మారేచోట ఒక పూట వ్యవధి ఉంచుకోవాలి. రైలు ఆలస్యమైతే ఆ వ్యవధే ఆదుకుంటుంది, కాకపోతే ఒక కొత్త ఊరు చూసినట్లవుతుంది.

అయితే బాధ్యత అంతా ప్రయాణికుని మీదనే వేయడం న్యాయం కాదు. చిన్న స్టేషన్ల నుండి దూరప్రాంత రైళ్లకు వేళలు కుదరాలి, సామాన్యునికి పడక దొరకాలి. రెండున్నర గంటలలోపు రైలులో చేరగల కొన్ని మార్గాలలో ఫ్రాన్సు 2023లో దేశీయ విమానాలను నిషేధించింది. అక్కడ మంచి రైళ్లు ముందే ఉన్నాయి గనుక ఆ నియమం సాధ్యమైంది. సౌకర్యం కల్పించిన తరువాతనే హితబోధ రాణిస్తుంది.

సంజామల స్టేషనులో రైలెక్కిన విద్యార్థి కోవెలకుంట్ల పొలాలను, దక్కను పీఠభూమిని, గంగా మైదానాన్ని, హిమాలయ సొరంగాలను వరుసగా దర్శిస్తాడు. గాలిలో వేడి తగ్గడం, భాష మారడం, రొట్టె రుచి మారడం గమనిస్తాడు. మంచును చేరేనాటికి దేశమంటే ఏమిటో అతనికి కొంత తెలిసివస్తుంది. తరువాతి తరంవారికీ ఆ మంచు మిగలాలంటే నేటి యువత నేలబాటను ఎంచుకోవడం వివేకం.