‘అరుదు’ అనే మాట చాటున

కనుబొమల మధ్య ముడతకీ, ముక్కు తీరుకీ, పెదవుల నిండుదనానికీ ఇప్పుడు సూదిమందు ఉంది. దాన్ని ఫిల్లర్ అంటారు. కోత లేదు, కుట్లు లేవు, అరగంట పని అని ఊరిస్తారు. ఆ సూది వల్ల చూపు పోవచ్చునన్న సంగతి మాత్రం ప్రకటనల్లో కనిపించదు.

మొహానికి వేసే సూదికీ కంటికీ ఏమిటి సంబంధం? నుదురు, ముక్కు భాగాల రక్తనాళాలు కంటికి రక్తాన్నిచ్చే ధమనితో కలిసి ఉంటాయి. రక్తనాళంలోకి దిగిన ఫిల్లర్ సూది ఒత్తిడికి వెనక్కి నడిచి, రెటీనాకు రక్తం అందకుండా అడ్డుపడగలదు. రక్తం అందని రెటీనా గంటా గంటన్నరలో చచ్చిపోతుంది. అలా పోయిన చూపు చాలామందికి తిరిగి రాదు. ప్రపంచవ్యాప్తంగా వైద్య పత్రికల్లో నమోదైన ఇలాంటి కేసులు 98 అని 2015లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. 2019లో మరో 48 చేరాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరిక జారీ చేసింది.

‘చాలా అరుదు’ అంటారు వైద్యులు. నిజమే. కానీ పత్రికలకెక్కనివాటిని ఎవరు లెక్కపెట్టారు? అరుదే అయినా, ఆ ప్రమాదానికి సిద్ధపడాలో వద్దో తేల్చుకోవలసింది ఎవరు?

మత్తులో ఉన్న స్త్రీ గర్భసంచిని ఆమె అనుమతి లేకుండా తీసేసిన కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. చికిత్స గురించి తగినంత సమాచారం ఇచ్చాకే అనుమతి తీసుకోవాలంది. అయితే, రోగి భయపడి అవసరమైన చికిత్సను కాదనకుండా, ఎక్కడో జరిగే ప్రమాదాలను వివరించనక్కర లేదని కూడా అంది. ఈ మినహాయింపు ఫిల్లర్‌కు ఎలా వర్తిస్తుంది? ముడత రోగం కాదు. సూది వద్దనుకుంటే ఆమె ఆరోగ్యానికి వచ్చే నష్టం ఏమీ లేదు. కాబట్టి ఎంత అరుదైన ప్రమాదమైనా చెప్పి తీరాలి. చెప్పకుండా తీసుకున్న సంతకం క్లినిక్‌కు రక్షణే తప్ప ఆమె అంగీకారం కాదు.

కన్ను పోయాక రెండు గొంతులు ఒకటవుతాయి. ‘ఆమె ఇష్టపడే చేయించుకుంది’ అంటుంది క్లినిక్. ‘సోకులకు పోయింది, అనుభవించనీ’ అంటుంది లోకం. పెళ్లిచూపుల్లో, ఉద్యోగాల్లో మొహం చూసి స్త్రీకి విలువకట్టే సమాజమే, ఆ విలువ కోసం ప్రయత్నించిన స్త్రీని నిందిస్తుంది. 1996లో బెంగళూరు ప్రపంచసుందరి పోటీలను మహిళా సంఘాలు ఎదిరించాయి. 2025లో అవే పోటీలు హైదరాబాదుకు వచ్చాయి. అందాల మార్కెట్‌ను విమర్శించడం మనకు కొత్త కాదు. కానీ ఆ మార్కెట్‌లో గాయపడిన స్త్రీ పక్కన నిలబడటం కూడా మన పనే. ఆమెకు నీతులు చెప్పడం మన పని కాదు.

మనం అడగవలసినవి ఇవి: అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, అందులో ‘చూపు పోవచ్చు’ అన్న మాట స్పష్టంగా ఉండాలి. సూది వేసేది ఎవరు, వారి అర్హత ఏమిటో రాసి ఉండాలి. ఫిల్లర్‌ను కరిగించే మందు, వెంటనే కంటి వైద్యం అందే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉండాలి. ప్రతి ప్రమాదాన్నీ ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి చేయాలి.

లెక్కే రాయనప్పుడు ఏ ప్రమాదమైనా అరుదుగానే కనిపిస్తుంది. ఆ లెక్క రాయించాలి.