రేబిస్ సూదితో అడవికి రక్షణా?

వీధి కుక్కలను పట్టి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, కడుపులోని పురుగులకు మందిచ్చి, టీకా వేసి, పట్టిన చోటే తిరిగి వదలాలని సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం 2025 ఆగస్టు 22న సవరించి ఇచ్చిన ఉత్తర్వు రాష్ట్రాలన్నింటినీ కేసులోకి చేర్చింది కనుక, దాని ప్రభావం హైదరాబాద్‌లోని బేగంపేట సందులతో పాటు నల్లమల అంచు గ్రామాల మీదా పడనుంది. రేబిస్ సోకిన, సోకిందని అనుమానమున్న, మీదపడి కరిచే స్వభావమున్న కుక్కలను వదలరాదన్న మినహాయింపు ఉత్తర్వులో ఉంది. పులులు, చిరుతలు, రేచుకుక్కలు తిరిగే అడవుల అంచుల ప్రస్తావన అందులో లేదు. ఈ విషయంలో న్యాయమూర్తుల కంటే ముందు జవాబు చెప్పవలసింది, ఈ పద్ధతికి మూలమైన జంతు జనన నియంత్రణ నియమాలను 2023 మార్చిలో జారీ చేసిన కేంద్ర పశుసంవర్ధక మంత్రిత్వ శాఖ, ఆ నియమాలనే శాస్త్రీయ పరిష్కారంగా చాటుతున్నవారు.

శస్త్రచికిత్స జరిగి, టీకా పడి, గుర్తుగా చెవి కొస కత్తిరించిన కుక్క వల్ల ఇక ఎవరికీ రోగభయం లేదన్నది వారి ప్రధాన వాదన. ఇది సగం నిజం, దాచిన సగం అబద్ధం కంటే ప్రమాదకరం. నియమాలు తప్పనిసరి చేసిన టీకా రేబిస్‌ను అడ్డుకునేది మాత్రమే. మనుషుల ప్రాణాలకు అది అత్యవసరమన్నదానిలో సందేహం లేదు కానీ, కుక్క నుంచి అడవి మృగానికి పాకే మరో పెద్ద రోగమైన కెనైన్ డిస్టెంపర్‌ను అది ఏమాత్రం ఆపలేదు. పిల్లలకు వచ్చే తట్టుకూ, ప్రపంచమంతటా నిర్మూలన పూర్తయిందని 2011లో ప్రకటించిన పశువుల రిండర్‌పెస్ట్‌కూ కారణమైన వైరస్‌ల కుటుంబానికే చెందిన ఈ వైరస్, రోగమున్న జంతువు తుమ్ము, దగ్గు, ముక్కు కారుడు ద్వారా వ్యాపించి, ముందు రోగనిరోధక శక్తిని దెబ్బతీసి, ఆపై ఊపిరితిత్తులనూ పేగులనూ పట్టి, చివరకు మెదడుకు చేరి మూర్ఛలు తెప్పిస్తుంది. దీనిని నేరుగా చంపే మందు లేదు; చికిత్స అంటే లక్షణాలకు ఉపశమనం ఇస్తూ ఎదురుచూడటమే. నివారణకు మాత్రం నమ్మకమైన టీకా దశాబ్దాలుగా ఉంది.

ఆ సంగతి వాదన చేస్తున్నవారికి తెలియదా? బేగంపేటలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా పెంపుడు కుక్క టీకాల కార్డు తెరిచి చూస్తే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో వేయించే మొదటి సూది డిస్టెంపర్, పార్వో వైరస్‌లకు కలిపి ఇచ్చేదనీ, రేబిస్ వంతు సుమారు మూడు నెలల వయసులో గానీ రాదనీ కనిపిస్తుంది. సొంత కుక్కపిల్లకు డిస్టెంపర్ సూది ఒక్క వారం ఆలస్యమైతే కంగారుపడే చదువుకున్నవారే, రేబిస్ సూది ఒక్కటే పడిన వీధి కుక్కను టీకాలు పూర్తయిన కుక్కగా చూపి చర్చను ముగించమనడం అమాయకత్వం అనిపించుకోదు. శస్త్రచికిత్స కోసం పట్టిన కుక్క కొన్ని రోజులు ఎలాగూ పశువైద్యుల చేతుల్లోనే ఉంటుంది. పదహారు వారాలు దాటిన కుక్కకు ఆ టీకా ఒక్క మోతాదైనా చాలావరకు రక్షణ ఇస్తుంది. అయినా రెండో సిరంజీ ఎత్తమని నియమాలు అడగవు, ఎత్తలేదేమని ప్రశ్నించేవారూ లేరు.

ఫలితం ఎలా ఉంటుందో 2018 సెప్టెంబరులో గుజరాత్‌లోని గిర్ అడవి చూపింది. దల్ఖానియా రేంజిలో వరుసగా సింహాలు చనిపోతుంటే, అటవీ అధికారులు మొదట వాటిలో అవి కొట్టుకుని చచ్చాయన్నారు. పుణె జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో డిస్టెంపర్ వైరస్ బయటపడేసరికి కొద్ది వారాల్లోనే ఇరవైమూడు సింహాలు పోయాయి, మిగిలిన వాటి కోసం టీకాలను అమెరికా నుంచి తెప్పించవలసి వచ్చింది. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో ఇదే వైరస్ అక్కడి సింహాలలో దాదాపు మూడో వంతును, అంటే సుమారు వెయ్యింటిని బలిగొంది. రాజస్థాన్‌లోని రణథంబోర్ చుట్టుపక్కల కుక్కల రక్తాన్ని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 86 శాతం కుక్కలు ఈ వైరస్ తాకిడికి గురైనట్లు తేలింది. ఈ ఫలితాలు చూశాక కూడా అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల చుట్టూ ఉన్న ఊళ్ల కుక్కల పరిస్థితి వేరని నమ్మడానికి ఆధారమేమిటో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

శస్త్రచికిత్స కుక్క సంతానాన్ని ఆపుతుంది, దాని ఆకలిని కాదు. వదిలిన కుక్క కళేబరాల కోసమో కుందేళ్ల కోసమో అడవిలోకి వెళ్తుంది. కుక్క మాంసం ఇష్టపడే చిరుత చీకటి పడ్డాక ఊరి అంచుకు వస్తుంది. రోగమున్న కుక్కను చిరుత తింటే వైరస్ అడవి దాకా నడిచి వెళ్లవలసిన పని కూడా ఉండదు. ఊరికీ అడవికీ మధ్య దూరం ఎంత తక్కువో, 2024 మే నెలలో శంషాబాద్ విమానాశ్రయం వద్ద బోనులో చిక్కిన చిరుతను నల్లమలలో విడిచిపెట్టేందుకు తీసుకువెళ్లినప్పుడు నగరవాసులు చూశారు. రోగాన్ని మోసే జీవిని పట్టించుకోకుండా రోగాన్ని ఆపలేమన్న పాఠం ఈ నగరానికి కొత్తదేమీ కాదు: 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించింది బేగంపేటలోనే.

కుక్కలను ఏరివేస్తే ఖాళీలోకి టీకా లేని కొత్తవి చేరతాయన్న మాటా, కుక్కలకు టీకా వేసినా వైరస్ ఇతర వన్యప్రాణుల్లో కొనసాగగలదని సెరెంగెటి, రష్యా తూర్పు అడవుల పరిశోధనలు చెప్పిన మాటా కొట్టిపారేయదగినవి కావు. అయితే మొదటిది సరైన టీకా వేయాలనడానికీ, రెండోది అడవిపై నిఘా పెంచాలనడానికీ కారణమవుతుంది తప్ప, రేబిస్ సూదితో సరిపెట్టుకోవడానికి కాదు.

కేంద్రం నియమాలను సవరించి, పులుల అభయారణ్యాల చుట్టూ ఉన్న గ్రామాల్లో డిస్టెంపర్, పార్వో టీకాను రేబిస్ టీకాతో సమానంగా తప్పనిసరి చేయాలి; ఆ సూది పడని కుక్కను అక్కడ తిరిగి వదలరాదు. నల్లమలలోని చెంచు పెంటల్లో కుక్క కుటుంబ సభ్యుడితో సమానం కనుక, వారి కుక్కలను లాక్కునే ఆలోచన మాని, పశువైద్యులే పెంట దాకా వెళ్లి టీకా వేయాలి. కుక్కలు తమవి కావని అటవీ శాఖ, అడవి తమది కాదని పశుసంవర్ధక శాఖ అనుకునే వీలు ఉన్నంతకాలం ఇందులో ఏదీ జరగదు. అడవి అంచు గ్రామాల కుక్కలకు ఈ టీకా వేయించే బాధ్యత ఏ శాఖదో, ఆ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా వెంటనే ప్రకటించాలి.